టామ్ ఫ్లెమింగ్: నటుడా, అనౌన్సరా? స్కాట్లాండ్ టీవీ గొంతుల మీద చర్చ

పాత_పెట్టె:
స్కాట్లాండ్ నటుడు టామ్ ఫ్లెమింగ్ మీద తెలుగులో ఒక సమగ్ర వ్యాసం తయారవుతోంది. 1927 జూన్ 29న ఎడిన్‌బరాలో పుట్టారు, 2010 ఏప్రిల్ 18న పోయారు. తండ్రి బాప్టిస్టు చర్చి పాస్టరు. 1953లో రాబర్ట్ కెంప్, లెనాక్స్ మిల్న్‌లతో కలిసి ఎడిన్‌బరా గేట్‌వే కంపెనీ అనే నాటక సంస్థ పెట్టారు. 1956లో బీబీసీ పిల్లల విభాగం తీసిన ధారావాహికలో ఏసుక్రీస్తు వేషం వేశారు. ఇంకోవైపు రాజకుటుంబపు వేడుకలకూ, ఎడిన్‌బరా మిలిటరీ టాటూకూ (కోట ముందు ఏటా జరిగే సైనిక వాద్యబృందాల ప్రదర్శన) దశాబ్దాల తరబడి బీబీసీ టీవీ ప్రసారంలో వినిపించిన గొంతు ఆయనదే. మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. "నటుడు, అనౌన్సర్" అనాలా, "నటుడు, వ్యాఖ్యాత" అనాలా? ఈ రెండు పనులూ ఒకదానికొకటి ఎలా ఉపయోగపడ్డాయో కూడా రాయాలని ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి.

మైకు_ముందు:
"వ్యాఖ్యాత" అనే రాయండి. తెలుగులో ఇవన్నీ కలిపేస్తున్నాం గానీ స్టూడియోలో ఇవి మూడు వేర్వేరు కుర్చీలు. ఒక కార్యక్రమం అయిపోయి ఇంకోటి మొదలయ్యేలోపు వచ్చే ఖాళీని నింపేవాడు అనౌన్సర్. రాసి ఇచ్చింది చదివేవాడు న్యూస్ రీడర్. కళ్ళముందు జరుగుతున్నదాన్ని చూస్తూ, రాత లేకుండా మాట్లాడేవాడు వ్యాఖ్యాత. ఫ్లెమింగ్ గారిది మూడోది. అనౌన్సర్‌కి గడియారం యజమాని. వ్యాఖ్యాతకి యజమాని తెర.

రంగస్థలి:
నిజంగా అనౌన్సర్ కుర్చీలోంచి నటనలోకి వచ్చిన స్కాట్లాండ్ మనిషి కావాలంటే బిల్ సింప్సన్ ఉన్నాడు. 1931లో పుట్టాడు. ఎయిర్‌షైర్ తీరంలో డన్యూర్ అనే చేపలు పట్టేవాళ్ళ ఊళ్ళో పెరిగాడు. గ్లాస్గోలోని రాయల్ స్కాటిష్ అకాడమీలో నటన నేర్చి, స్కాటిష్ టెలివిజన్‌లో, అంటే ఎస్‌టీవీలో, అనౌన్సర్‌గా పనిచేశాడు. 1962లో బీబీసీ డాక్టర్ ఫిన్లే ధారావాహికలో నాయకుడి పాత్ర దొరికింది. అది 1971 దాకా నడిచింది. ఆండ్రూ క్రుక్‌షాంక్ ముసలి డాక్టర్ కామెరన్, బార్బరా మలెన్ ఇంటి పెద్దదిక్కు జానెట్. కథలోని టానొక్‌బ్రే అనే ఊరికి కాలెండర్ పట్టణంలో ఔట్‌డోర్ తీశారు.

మనవాళ్ళకి ఒక దగ్గరి దారి కూడా ఉంది. ఈ డాక్టర్ పాత్రను సృష్టించిన ఎ.జె. క్రోనిన్ రాసిన ఇంకో వైద్యుడి నవలే హిందీలో "తేరే మేరే సప్నే" (1971), తెలుగులో "మధుర స్వప్నం" (1982) సినిమాలకు మూలం.

పాత_పెట్టె:
బిల్ సింప్సన్ సంగతి బావుంది. అయితే వ్యాసంలో ఇద్దర్నీ పక్కపక్కన పెట్టొచ్చు. ఒకరు అనౌన్సింగ్ వదిలి నటనలోకి వెళ్ళారు, ఇంకొకరు రెండూ చివరిదాకా చేశారు. మైకు_ముందు గారూ, అనౌన్సర్‌కి గడియారం యజమాని అన్నారు కదా, అది లెక్కలో ఎలా ఉంటుందో చూపిస్తారా? పాఠకుడికి ఆ పని కళ్ళకు కట్టాలి.

మైకు_ముందు:
చూపిస్తాను. ఎస్‌టీవీ లాంటి ప్రకటనలు వేసే ఛానెల్ అనుకోండి, టేపు యంత్రాల కాలం. రాత్రి 9:00:00కి నాటకం మొదలవ్వాలి. ముందున్న సినిమా 8:58:40కి అయిపోతుంది. చేతిలో 80 సెకన్లున్నాయి. ప్రకటనలకి 60 పోయాయి. స్టేషన్ గుర్తుకి 5. అనౌన్సర్‌కి మిగిలింది 8:59:45 నుంచి 15 సెకన్లు.

ఇంగ్లీషులో సెకనుకి 3 మాటలన్నది ఈ పనిలో పాత కొలత. అంటే 45 మాటలు. కానీ అన్నీ వాడకూడదు. ముందు ఒక సెకను, చివర రెండు సెకన్లు గాలి వదలాలి. కాబట్టి 12 సెకన్లు, 36 మాటలు.

ఇప్పుడు అసలు ఇబ్బంది. రెండంగుళాల వీడియో టేపు యంత్రం నొక్కగానే బొమ్మ ఇవ్వదు. తల చక్రం, టేపు వేగం కుదురుకోవడానికి దాదాపు 10 సెకన్లు ముందే తిప్పాలి. అంటే 8:59:50కి "రోల్" అంటారు. అప్పటికి అనౌన్సర్ వంతు మొదలై 5 సెకన్లే అయింది. ఆ తర్వాత ఎవరూ వెనక్కి తీసుకోలేరు. మిగతా 10 సెకన్లలో అతను తడబడినా, దగ్గినా, మాట మరిచిపోయినా నాటకం 9:00:00కి వచ్చి తీరుతుంది. ఆలస్యమైతే అతని మాట నాటకం మొదటి సంగీతం మీద పడుతుంది, లేదా మాట మధ్యలో తెగుతుంది. త్వరగా ముగిస్తే నల్లతెర. చూసేవాళ్ళు నల్లతెరనే ఎక్కువ గుర్తుపెట్టుకుంటారు.

అందుకే మంచి అనౌన్సర్ చివరి వాక్యాన్ని రెండు రకాలుగా తయారుగా ఉంచుకుంటాడు. ఒకటి ఆరు సెకన్లది, ఒకటి మూడు సెకన్లది. గడియారం ముల్లు చూసి, మాట్లాడుతూనే ఏది వాడాలో తేల్చుకుంటాడు.

శబ్దగ్రాహకుడు:
తెలుగులో ఈ "సెకనుకి మూడు మాటలు" లెక్క వాడి దెబ్బతినకండి. మన మాటలు అతుక్కుంటాయి. "వెళ్ళాల్సివచ్చినప్పటికీ" మనకి ఒక్క మాటే, ఇంగ్లీషులో అదే అయిదారు మాటలు. మాటలు లెక్కపెట్టి 36 రాస్తే 12 సెకన్లలో చచ్చినా పట్టదు. అక్షరాలు లెక్కపెట్టుకోవాలి. అంతకన్నా మేలు, స్టాప్‌వాచ్ పట్టుకుని గట్టిగా చదువుకోవడం. మనసులో చదివితే ఎప్పుడూ తక్కువ సమయమే చూపిస్తుంది, ఎందుకంటే మనసు ఊపిరి పీల్చదు.

తెర_వెనుక:
ఎస్‌టీవీ మాట వచ్చింది కాబట్టి కట్టడాల సంగతి ఒకటి. ఎస్‌టీవీ 1957 ఆగస్టు 31న గ్లాస్గోలోని థియేటర్ రాయల్ నుంచి మొదలైంది. నాటకశాలను కొని స్టూడియో చేశారు. 1970ల మధ్యలో అది స్కాటిష్ ఒపెరా చేతికి వెళ్ళి మళ్ళీ రంగస్థలమైంది. ఎడిన్‌బరాలో దీనికి తలకిందులుగా జరిగింది. ఫ్లెమింగ్ గారి కంపెనీ ఆడిన గేట్‌వే థియేటర్, లీత్ వాక్ మీద ఎల్మ్ రోలో ఉండేది, చర్చ్ ఆఫ్ స్కాట్లాండ్ ఆస్తి. గేట్‌వే కంపెనీ 1965లో మూతపడింది. 1968లో ఆ భవనాన్ని ఎస్‌టీవీ కొని కలర్ స్టూడియోగా మార్చుకుంది. స్కాట్లాండ్‌లో నాటకం, టీవీ రెండూ ఒకే కప్పు కింద, ఒకే మనుషులతో నడిచాయని చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు. లండన్‌లో లాగా "నేను రంగస్థలం మాత్రమే చేస్తాను" అనే వెసులుబాటు అక్కడి నటులకి లేదు. ఊళ్ళో పని తక్కువ. రేడియో నాటకం, పాఠశాలల ప్రసారం, అనౌన్స్‌మెంట్, టీవీలో చిన్న వేషం, అన్నీ కలిస్తేనే ఇల్లు గడిచేది.

రంగస్థలి:
ఈ నేపథ్యం ముందే పెట్టండి పాత_పెట్టె గారూ. లేకపోతే "నటుడు వ్యాఖ్యాత ఎందుకయ్యాడు" అన్నది వింతగా కనిపిస్తుంది.

ఫ్లెమింగ్ గారి నటన వరుస ఇదీ. 1945లో ఈడిత్ ఎవాన్స్ బృందంతో మన దేశానికే నాటకం ఆడటానికి వచ్చారు. యుద్ధకాలంలో సైనికుల వినోదం కోసం పంపిన బృందాల్లో అదొకటి. గేట్‌వే తర్వాత 1962లో రాయల్ షేక్స్పియర్ కంపెనీ. పీటర్ బ్రూక్ దర్శకత్వంలో, పాల్ స్కోఫీల్డ్ రాజుగా ఆడిన "కింగ్ లియర్"లో కెంట్. 1963లో "టెంపెస్ట్"లో ప్రాస్పెరో. 1965లో ఎడిన్‌బరా రాయల్ లైసియం కంపెనీ పెట్టినప్పుడు మొట్టమొదటి డైరెక్టరు ఆయనే, మరుసటేడే వదిలేశారు. 1971లో బ్రూక్ "కింగ్ లియర్"ను సినిమా తీసినప్పుడు కెంట్ మళ్ళీ ఆయనే.

కెంట్ పాత్ర మీద ఒక్క మాట. దేశబహిష్కారం పడ్డ కెంట్ మారువేషంలో తిరిగి రాజు దగ్గరికే కొలువుకి వస్తాడు. వేషం ఒక్కటే సరిపోదు, గొంతూ యాసా మార్చుకోవాలని తనే అంటాడు. గొంతుతో బతికే నటుడికి ఇంతకన్నా తగిన వేషం దొరకదు.

ఎడిన్‌బరా_ఏలూరు:
టీవీ వేషాలు మరిచిపోయారు. 1961లో బీబీసీకి రాబ్ రాయ్ వేషం. 1973లో స్టీవెన్సన్ నవల ఆధారంగా బీబీసీ స్కాట్లాండ్ తీసిన "వియర్ ఆఫ్ హెర్మిస్టన్"లో కఠినుడైన జడ్జి తండ్రి. ఆ జడ్జి ఇంట్లోనూ, న్యాయపీఠం మీదా స్కాట్లాండ్ సొంత భాష అయిన స్కాట్స్‌ను బండగా మాట్లాడతాడు. చదువుకున్న కొడుకు సాఫీ ఇంగ్లీషు మాట్లాడతాడు. మన దగ్గర పెద్దాయన పల్లె యాసలో గదమాయిస్తుంటే కొడుకు పుస్తకాల భాషలో జవాబు చెప్పినట్టు ఉంటుంది. ఫ్లెమింగ్ గారికి రెండు భాషలూ పుట్టుకతోనే వచ్చాయి.

అన్నిటికన్నా ముఖ్యం 1983 నాటి "రీత్". బీబీసీని నిలబెట్టిన జాన్ రీత్ పాత్ర. రీత్ స్కాట్లాండ్ తూర్పుతీరంలోని స్టోన్‌హేవెన్‌లో పుట్టినవాడు, చర్చి పాస్టరు కొడుకు. వేసినాయన కూడా పాస్టరు కొడుకే, బీబీసీ గొంతే. వ్యాసానికి గుండెకాయ ఇదే అవుతుందని నా అభిప్రాయం.

పాత_పెట్టె:
ఏసు వేషం గుండెకాయ అనుకున్నాను.

తెర_వెనుక:
ఏసు వేషానికి వేరే బరువుంది. అప్పటి బ్రిటన్‌లో కొత్త నాటకాలకి లార్డ్ ఛాంబర్లెన్ అనే రాజదర్బారు అధికారి అనుమతి కావాలి. వాటిలో క్రీస్తును రంగస్థలం మీద మనిషిగా చూపించడానికి ఆ కార్యాలయం ఒప్పుకునేది కాదు. ఆ సెన్సారు 1968 చట్టంతో గానీ పోలేదు. టీవీ దాని పరిధిలోకి రాదు. కాబట్టి 1956లో జాయ్ హారింగ్టన్ రాసి నిర్మించిన ఎనిమిది భాగాల ధారావాహికలో ఫ్లెమింగ్ చేసింది బ్రిటిష్ రంగస్థలం మీద కొత్త నాటకంలో ఏ నటుడూ చెయ్యలేని వేషం. పైగా పిల్లల కార్యక్రమం. ఔట్‌డోర్ దృశ్యాలు పవిత్రభూమిలోనే తీశారు. మిగతాది స్టూడియో.

ఆ వేషంలో సమస్య ఏమిటంటే మాటలన్నీ అందరికీ కంఠతా వచ్చినవే. నటుడు గొంతు పెంచితే ప్రవచనం అవుతుంది, తగ్గిస్తే సణుగుడు అవుతుంది. తెలిసిన మాటను మొదటిసారి వింటున్నట్టు వినిపించాలి. యుద్ధ స్మారకాల దగ్గర వ్యాఖ్యానం చెప్పడంలో ఉన్న కష్టం కూడా సరిగ్గా ఇదే.

మైకు_ముందు:
ఆ చివరి మాట గట్టిది. లండన్‌లో సెనొటాఫ్ అనే యుద్ధ స్మారకం దగ్గర నవంబరులో జరిగే స్మారక దినం చూడండి. ఆయన ఎన్నో ఏళ్ళు చెప్పారు. అక్కడ వ్యాఖ్యాత చెయ్యాల్సింది ముందు జాబితా తయారుచేసుకోవడం. వాద్యబృందం వాయించే పాటల వరుస 1930 నుంచి మారలేదు. "రూల్ బ్రిటానియా"తో మొదలై, దేశాల పాటలు దాటి, "ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్" శోకగీతం, ఎల్గార్ "నిమ్రోడ్", పర్సెల్ రాసిన డైడో విలాపం, ఇలా సాగుతుంది. వరుస మారదు కాబట్టి ఏ పాట మీద మాట్లాడొచ్చు, ఏ పాట మీద నోరు కట్టుకోవాలో ముందే గీత గీసుకోవచ్చు. తొలి పాటలు హుషారైనవి, వాటిమీద సమాచారం చెప్పొచ్చు. "ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్" 1513 ఫ్లాడెన్ యుద్ధంలో చచ్చిపోయిన స్కాట్లాండ్ వాళ్ళ కోసం పుట్టింది. బ్యాగ్‌పైపు వాయించేవాళ్ళు దాన్ని అంత్యక్రియల్లో, స్మారకాల్లో తప్ప బయట వాయించరు. స్కాట్లాండ్ వ్యాఖ్యాత దానిమీద మాట పెట్టడు.

పదకొండు గంటలకి బిగ్ బెన్ కొట్టడం మొదలవగానే హార్స్ గార్డ్స్ మైదానంలో ఫిరంగి పేలుతుంది. రెండు నిమిషాల మౌనం. ఇంకో ఫిరంగి. వెంటనే రాయల్ మెరీన్ల బ్యూగిళ్ళు "లాస్ట్ పోస్ట్" ఎత్తుకుంటాయి. వ్యాఖ్యాత చివరి మాట మొదటి గంటకి కనీసం నాలుగైదు సెకన్ల ముందే ముగియాలి. అనౌన్సర్ లాగా గడియారాన్ని ముద్దుపెట్టుకునేలా ముగిస్తే ఆ మౌనం మాటకి తోకలా వినిపిస్తుంది. మాట పూర్తయ్యాక వీధి చప్పుడు, గుర్రపు గిట్ట, ఆకు చప్పుడు చెవికి పడాలి. అప్పుడు గంట కొట్టాలి.

శబ్దగ్రాహకుడు:
ఇక్కడ మైకు గురించి చెప్పకపోతే సగమే చెప్పినట్టు. ఆరుబయట వ్యాఖ్యానానికి బీబీసీ 1930ల నుంచి వాడుతున్నది రిబ్బన్ పెదవి మైకు. ఇప్పటికీ కోల్స్ 4104 పేరుతో దొరుకుతుంది. పైన ఒక కమ్మీ ఉంటుంది, దాన్ని పై పెదవికి ఆనించి మాట్లాడాలి. ఆ కమ్మీ నోటికీ రిబ్బన్‌కీ మధ్య 54 మిల్లీమీటర్ల దూరం కట్టుతప్పకుండా ఉంచుతుంది.

ఎందుకంత దగ్గరంటే, రిబ్బన్ మైకుకి నోరు దగ్గరైతే గొంతులో మంద్ర స్వరాలు విపరీతంగా పెరుగుతాయి. ఆ పెరిగినదాన్ని మైకులోనే కోసేస్తారు. దానితో దగ్గరి గొంతు సమంగా ఉంటుంది, దూరపు బ్యాండు, జనం గోల మాత్రం మంద్రం పోయి పల్చబడతాయి. వెనక బ్యాండు మోగుతున్నా గొంతు విడిగా నిలబడేది అందుకే.

ఇందులో తప్పులు మూడు చోట్ల వస్తాయి. కమ్మీ పెదవికి ఆనకుండా రెండు వేళ్ళ దూరం పెడితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టవుతుంది, ఆపరేటర్ స్థాయి పెంచితే బ్యాండు వచ్చి మీద పడుతుంది. ముక్కు ఊపిరి రిబ్బన్ మీద పడితే బుస కొడుతుంది, అందుకే మైకును కిందికి వాల్చకుండా నిటారుగా పట్టాలి. ఇంక కొందరు కొత్తవాళ్ళు మైకు పనిచేస్తోందా అని "ఫూ" అని ఊదుతారు. రిబ్బన్ సన్నటి అల్యూమినియం రేకు, ఒక్క ఊదుకి సాగిపోతుంది. మళ్ళీ కొత్త రిబ్బన్ వెయ్యాల్సిందే. వేలితో తట్టడం కూడా వద్దు, మాట్లాడి చూడండి.

మౌనం వచ్చినప్పుడు మైకును పెదవి నుంచి తీసి ఒళ్ళో పెట్టుకోవాలి. మైకు మీటను ఆఫ్ చేసినా సరే.

ఎడిన్‌బరా_ఏలూరు:
టాటూ సంగతికి వస్తే ఒక పొరపాటు ఆన్‌లైన్‌లో బాగా తిరుగుతోంది. మైదానంలో లౌడ్‌స్పీకర్లలో వినిపించే గొంతు ఫ్లెమింగ్‌దని రాస్తున్నారు. 1992 నుంచి మైదానంలో కథనం చెప్పింది అలాస్టెర్ హటన్. ఫ్లెమింగ్‌ది బీబీసీ టీవీ ప్రసారంలో గొంతు. 1960ల నుంచి నలభై ఏళ్ళకు పైగా. ఇద్దరూ ఒకే వేడుకకి, వేర్వేరు చెవులకి.

శబ్దగ్రాహకుడు:
ఆ తేడా పనిలో కూడా పెద్దది. మైదానంలో మాట్లాడేవాడి గొంతు స్పీకర్లోంచి బయల్దేరి కోట గోడ తాకి తిరిగొస్తుంది. ధ్వని 34 మీటర్లు పోవడానికి సెకనులో పదో వంతు పడుతుంది. అంటే గోడ 85 మీటర్ల దూరంలో ఉంటే, అక్కడి దాకా వెళ్ళి రావడంలో మాట అతని చెవికి అరసెకను ఆలస్యంగా తిరిగొచ్చే అవకాశం ఉంది. తన మాటే తనకి అడ్డుతగిలి నత్తి వస్తుంది. అందుకని చిన్న వాక్యాలు, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఎడం, పేర్ల ముందు ఆగడం, ఇవి తప్పవు. చెవుల్ని మూసే హెడ్‌ఫోన్ పెట్టుకుంటే ఇబ్బంది తగ్గుతుంది. టీవీ వ్యాఖ్యాతకి ఈ బాధ లేదు, పొడుగు వాక్యం చెప్పొచ్చు. కాకపోతే అతని చెవిలో డైరెక్టర్ గొంతు ఎప్పుడూ మోగుతూ ఉంటుంది. "తర్వాత గుర్రాలు, అయిదు, నాలుగు" అని లెక్క వినిపిస్తుండగా తన వాక్యం తప్పకుండా నడిపించాలి. ఇది నేర్చుకోవడానికే నెలలు పడుతుంది.

మైకు_ముందు:
టాటూ లాంటిదానికి తయారీ ఇలా. ఒక్కో దళానికి ఒక్కో అట్టముక్క. అట్ట మీద పూర్తి వాక్యాలు రాయకూడదు. రాస్తే చదువుతాం, చదివితే కళ్ళు తెర మీంచి దిగుతాయి. పైన దళం పేరు పెద్ద అక్షరాల్లో, పలికే తీరు దాని కింద, వాళ్ళని గుర్తుపట్టే ఒక్క ఆనవాలు (కిల్టు గళ్ళ రంగు, టోపీలో ఈక), చూసేవాడికి కనబడని ఒక్క సంగతి. అంతే, నాలుగు వరుసలు. కాగితం కాకుండా అట్ట ఎందుకంటే ఆగస్టులో కోట మీద గాలి, వాన రెండూ ఉంటాయి, కాగితం చప్పుడు మైకులో పడుతుంది. సిరా కన్నా పెన్సిలు మేలు, తడిసినా కరగదు. అట్టలకి వరుస సంఖ్య వెయ్యకపోతే కింద పడ్డ రోజున కథ ముగిసినట్టే.

కనబడేది చెప్పకు, కనబడనిది చెప్పు. టీవీ వ్యాఖ్యానంలో మొదటి పాఠం ఇది. "గుర్రాలు వస్తున్నాయి" అక్కర్లేదు. ఆ గుర్రాలు ఎక్కణ్ణుంచి వచ్చాయో చెప్పు. చివర్లో లైట్లన్నీ ఆర్పి కోట గోడ మీద ఒంటరి పైపర్ ఒక్కడి మీదే వెలుతురు వేస్తారు. అప్పుడు ఏమీ చెప్పకు.

రంగస్థలి:
అదిగో, అక్కడే నటుడు కనిపిస్తాడు. రంగస్థలం మీద ఇరవై ఏళ్ళు ఎదుటివాడి మాట వింటూ నిలబడ్డవాడికి నిశ్శబ్దం ఖాళీ కాదని తెలుసు. స్టూడియోలో పెరిగిన అనౌన్సర్‌కి నిశ్శబ్దం అంటే నల్లతెర, తప్పు, భయం. బిల్ సింప్సన్‌కీ ఫ్లెమింగ్‌కీ దారులు ఎక్కడ చీలాయంటే నేను ఇదే చెబుతాను.

తెర_వెనుక:
అది పూర్తిగా ఒప్పుకోను. అనౌన్సర్ పని సింప్సన్‌కి మేలే చేసింది. కెమెరా కళ్ళలోకి సూటిగా చూసి, ఒక్క ఇంట్లో కూర్చున్న ఒక్క మనిషితో మాట్లాడినట్టు మాట్లాడటం అక్కడ వస్తుంది. నాటకంలో కెమెరా వైపు చూడకూడదు, నిజమే. కానీ గొంతు కొలత అదే. నాటకశాల చివరి వరుసకి వినబడేలా మాట్లాడే అలవాటున్న నటులు 1962లో టీవీలో అరుస్తున్నట్టు ఉండేవాళ్ళు. సింప్సన్ అరవడు. రోగి మంచం పక్కన డాక్టర్ ఎంత గొంతుతో మాట్లాడాలో అంతే. ఆ పాత్ర తొమ్మిదేళ్ళు నిలబడిందంటే అందులో ఈ కొలతకి వాటా ఉంది.

అతనికి దెబ్బ వేరేచోట తగిలింది. తొమ్మిదేళ్ళు ఒకే పాత్ర వేస్తే జనానికి ఆ ముఖం డాక్టర్‌దే. 1973లో "స్కాచ్ ఆన్ ది రాక్స్", 1977లో "ది మెకినన్స్", ఇలా వేరే వేషాలు వచ్చినా ఫిన్లే నీడ వదల్లేదు. 1986లో 55 ఏళ్ళకే పోయాడు. ఫ్లెమింగ్ వ్యాఖ్యానాల్లో ముఖం కనబడదు, గొంతు మాత్రమే. కాబట్టి ఏ వేషం వేసినా "నిన్న వేడుకలో చూసినాయన" అని ఎవరూ అనుకోరు. రెండు పనులూ దశాబ్దాల తరబడి పక్కపక్కన సాగడానికి ఈ ఒక్క కారణం చాలు.

రంగస్థలి:
ముఖం కనబడని మాట నేను ఆలోచించలేదు. ఒప్పుకుంటున్నాను.

పాత_పెట్టె:
ఇది వ్యాసంలోకి తీసుకుంటాను. ఫిన్లే ఎపిసోడ్లు ఇప్పుడు చూడటానికి దొరుకుతాయా? 191 అని చదివాను.

శబ్దగ్రాహకుడు:
సగానికి మించి లేవు. రెండంగుళాల టేపు ఖరీదైనది, ఒకసారి ప్రసారమయ్యాక చెరిపి మళ్ళీ వాడేవాళ్ళు. మిగిలినవాటిలో చాలావరకు 16 ఎంఎం ఫిల్ము మీద ఉన్నవి. విదేశాలకి అమ్మడం కోసం మానిటర్ ముందు ఫిల్ము కెమెరా పెట్టి తీసినవి అవి. టీవీ సెకనుకి 50 సగం బొమ్మలు పంపుతుంది, ఫిల్ముకి 25 పూర్తి బొమ్మలే పడతాయి. అందుకే ఆ ప్రింట్లలో మనిషి నడక కొంచెం కుదుపుగా, సినిమాలా కనిపిస్తుంది. అప్పటి వీక్షకుడు చూసింది అది కాదు, నున్నగా సాగిన బొమ్మ. పాత నటుల "మొరటు" నటన గురించి రాసేముందు ఇది గుర్తుంచుకోవాలి, తప్పు ప్రింటుది కావచ్చు.

ఎడిన్‌బరా_ఏలూరు:
తేదీలు సరిచూసుకునే పద్ధతి కూడా చెప్పుకుందాం. బీబీసీ జీనోమ్ అనే వెబ్‌సైట్‌లో రేడియో టైమ్స్ పత్రిక కార్యక్రమాల పట్టికలు 1923 నుంచి ఉన్నాయి. పేరుతో వెతికితే వందల ఫలితాలు వస్తాయి. రెండు జాగ్రత్తలు. అవి ప్రసారానికి ముందే అచ్చయిన పట్టికలు, ఆ రోజు మార్పు జరిగితే అందులో ఉండదు. ఇంకోటి, వ్యాఖ్యాతల పేర్లు వేస్తారు గానీ కార్యక్రమాల మధ్య మాట్లాడే అనౌన్సర్ పేరు వెయ్యరు. కాబట్టి సింప్సన్ ఎస్‌టీవీ రోజులకి అందులో ఏమీ దొరకదు, ఎలాగూ అది బీబీసీ కాదు. గేట్‌వే నాటకాల కరపత్రాలు గ్లాస్గో విశ్వవిద్యాలయంలోని స్కాటిష్ థియేటర్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. సినిమా వెబ్‌సైట్లను ఒక్కదాన్నే నమ్మకండి. టామ్ ఫ్లెమింగ్, బిల్ సింప్సన్ రెండూ అక్కడ వీధికొకరు ఉండే పేర్లు, ఒకరి సినిమాలు ఇంకొకరి ఖాతాలో పడిపోతాయి.

ఇంకో సంగతి. 1972 మార్చి 25న యూరోవిజన్ పాటల పోటీ ఎడిన్‌బరా అషర్ హాల్లో జరిగింది. అంతకుముందు ఏడు గెలిచిన మొనాకో నిర్వహించలేకపోతే బీబీసీ తీసుకుంది. వేదిక మీద కార్యక్రమం నడిపింది స్కాట్లాండ్‌కే చెందిన నర్తకి మోయిరా షియరర్. బ్రిటన్ ఇళ్ళలో వినిపించిన వ్యాఖ్యానం ఫ్లెమింగ్‌ది. న్యాయనిర్ణేతల్ని ఎడిన్‌బరా కోటలో కూర్చోబెట్టారు. అంత్యక్రియలు చెప్పే గొంతు పాటల పోటీ కూడా చెప్పిందని ఒక వాక్యం రాయండి.

పాత_పెట్టె:
తప్పకుండా. ఇంక చివరి చిక్కు, పేర్లు తెలుగులో ఎలా రాయాలి? ఇంగ్లీషు అక్షరాలు చూసి రాస్తే తప్పవుతోంది.

మైకు_ముందు:
బీబీసీ స్కాట్లాండ్ కుర్చీలో కూర్చునేవాళ్ళకి మొదటి పరీక్ష ఇదే. ఇంగ్లీషులో "మెంజీస్" అని కనిపించే ఇంటిపేరు పాత స్కాట్స్ పలుకుబడిలో "మింగిస్". "డాల్జీల్" లాంటిది "డీయెల్". "కల్జీన్" కోట "కలేన్". కారణం ఒక్కటే. పాత స్కాట్స్‌లో "యోగ్" అనే అక్షరం ఉండేది, య, గ మధ్య పలికేది. అచ్చుయంత్రాలు వచ్చినప్పుడు ఆ అచ్చు లేక, చూపుకి దగ్గరగా ఉన్న ఇంగ్లీషు జెడ్ (z) అక్షరం వేశారు. రాత మారింది, పలుకు మారలేదు. "మిల్న్‌గావీ" అని కనిపించే ఊరు "మల్‌గై". "కర్క్‌కడ్‌బ్రైట్" లా కనిపించేది "కర్‌కూబ్రి", కత్‌బర్ట్ గుడి అని అర్థం. "స్ట్రాథేవెన్" "స్ట్రేవెన్". "లాక్" అనే సరస్సు మాటలో చివరిది క కాదు, ఉర్దూ "ఖబర్"లోని ఖ. హైదరాబాదు వాళ్ళకి అది సులువుగా వస్తుంది.

తెలుగు లిపిలో పలికినట్టే రాయండి. మన లిపికి ఆ శక్తి ఉంది, వాడుకోవాలి.

రంగస్థలి:
ఒక చేర్పు. 1984 ఎడిన్‌బరా ఉత్సవంలో స్కాటిష్ థియేటర్ కంపెనీ తరఫున ఫ్లెమింగ్ దర్శకత్వం వహించిన "త్రీ ఎస్టేట్స్" వదలకండి. డేవిడ్ లిండ్సే 16వ శతాబ్దంలో రాసిన నాటకం. 1554లో ఎడిన్‌బరాలో రోజంతా ఆడారట. 1948లో టైరోన్ గత్రీ దాన్ని అసెంబ్లీ హాల్లో మళ్ళీ నిలబెట్టినప్పుడు ఒక సాయంత్రానికి సరిపడేలా కుదించింది, తర్వాత గేట్‌వేలో ఫ్లెమింగ్ భాగస్వామి అయిన రాబర్ట్ కెంపే. ఫ్లెమింగ్ ప్రదర్శన 1986లో వార్సా దాకా వెళ్ళింది. పాత స్కాట్స్ నాటకాన్ని పోలండ్ ప్రేక్షకులు చూశారు.

పాత_పెట్టె:
మొదటి వాక్యం మార్చాను: "టామ్ ఫ్లెమింగ్ (1927–2010) స్కాట్లాండ్ నటుడు, నాటక దర్శకుడు, బీబీసీ వ్యాఖ్యాత." అనౌన్సర్ తీసేశాను. సింప్సన్‌కి వేరే పేజీ పెడుతున్నాను, అక్కడ "అనౌన్సర్" ఉంటుంది. ఈ చర్చలో మొదటి టపాలో "దశాబ్దాల తరబడి టాటూకు వినిపించిన గొంతు" అన్నచోట "టీవీ ప్రసారంలో" అని చేర్చాను, మైదానం గొంతు అనుకోకుండా.

ఎడిన్‌బరా_ఏలూరు:
1980లో ఓబీఈ, 1998లో సీవీఓ అనే బ్రిటిష్ రాజ గౌరవాలు వచ్చాయి, అవి కూడా చేర్చండి. రెండోది అప్పటి రాణి స్వయంగా ఇచ్చిన వరుసలోది, దానికి ప్రభుత్వ సిఫారసు అక్కర్లేదు. వ్యాఖ్యాతకి అది రావడం ఆ గొంతును రాజకుటుంబం వాళ్ళు ఎలా విన్నారో చెబుతుంది.